సంస్కృతీకరణ పాఠానికి ముందు అంబేద్కర్ 1916 పత్రం చెప్పాలా?

ఓరుగల్లు_రీడర్:
కులం పాఠం రాగానే మన సోషియాలజీ క్లాసుల్లో ముందు వినిపించే పేరు సామాజికవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్. కర్ణాటకలోని కూర్గు ప్రజల మీద 1952లో వచ్చిన ఆయన పుస్తకంతో సంస్కృతీకరణ అనే భావన స్థిరపడింది. కింది కులం మాంసం, మద్యం మానేసి, పై కులాల ఆచారాలు పట్టి, కొన్ని తరాల్లో పై మెట్టుకు చేరాలని చూడడం అన్నమాట. కానీ పైవాళ్లను కిందివాళ్లు అనుకరిస్తారన్న సంగతి 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయ సెమినార్‌లో అంబేద్కర్ చదివిన పత్రంలోనే ఉంది. అప్పటికి ఆయన వయసు 25. ఫ్రెంచ్ సామాజికవేత్త గాబ్రియెల్ టార్డ్ చెప్పిన అనుకరణ నియమాలను ఆయన కులానికి వర్తింపజేశారు. బ్రాహ్మణులకు బాగా దగ్గరి కులాల్లో సతీసహగమనం, వితంతువుకు మళ్లీ పెళ్లి లేకపోవడం, బాల్యవివాహం మూడూ ఉంటాయి. కాస్త దూరమైతే చివరి రెండే. ఇంకా దూరమైతే బాల్యవివాహం ఒక్కటే. మరీ దూరం వాళ్లకు మిగిలేది కులం మీద నమ్మకం. ఇంత పదునైన విశ్లేషణ మొదటి సంవత్సరంలోనే ఎందుకు చెప్పరు?

కృష్ణాతీరం:
రెండూ ఒకటి కాదండీ. కులం ఎలా పుట్టింది, ఎలా పాకింది అన్నది అంబేద్కర్ ప్రశ్న. ఉన్న వ్యవస్థలో ఒక కులం స్థానం ఎలా మారుతుందన్నది శ్రీనివాస్ ప్రశ్న. పైగా ఆయన 1948లో మైసూరు ప్రాంతంలో ఒక ఊళ్లో ఉండి, దానికి రాంపుర అని పేరు పెట్టి రాశారు. 'ఆధిపత్య కులం' భావనకు ఆ ఊరే ఆధారం. భూమి, జనబలం ఉన్న కులమే ఊరికి నమూనా కావచ్చు, బ్రాహ్మణులే కానక్కర్లేదు. అంబేద్కర్ పత్రంలో అలా జనం మధ్య ఉండి చేసిన ఫీల్డ్‌వర్క్ ఏదీ?

సోషియాలజీ_ఆప్షనల్:
ఫీల్డ్‌వర్క్ షరతు పెడితే ఫ్రెంచ్ సామాజికవేత్త డర్క్‌హైమ్‌ను కూడా పక్కన పెట్టాలి కదా! ఆస్ట్రేలియా ఆదివాసుల మతం మీద 1912లో ఆయన తెచ్చిన గ్రంథం అక్కడికి వెళ్లకుండా రాసిందే. జర్మన్ సామాజికవేత్త వెబర్ హిందూ మతం మీద రాసిందీ ఇండియాకు రాకుండానే. వాళ్లను ఎవరూ ఈ ప్రశ్న అడగరు.

కృష్ణాతీరం గారు చెప్పిన తేడా నిజం. నేను మాత్రం ఆ తేడా వల్లే అంబేద్కర్‌ను ముందు చెప్పాలంటాను. ఆయన దృష్టిలో కులానికి ప్రాణం అంతర్వివాహం, అంటే సొంత గుంపులోనే పెళ్లి. గుంపులో ఆడా మగా సమానంగా ఉన్నా, భర్త చనిపోతే ఒక స్త్రీ 'మిగిలిపోతుంది'. ఆమె బయటివాణ్ణి చేసుకుంటే గుంపు హద్దు చెరుగుతుంది, లోపలే చేసుకుంటే పెళ్లికాని అమ్మాయిలకు వరుడు తగ్గుతాడు. అందుకే సతి, లేదా జీవితాంతం వైధవ్యం. భార్య పోయిన మగవాడికైతే ఇంకా ఈడు రాని పిల్లను కడతారు. అంటే కులం నిలబడేది ఆడవాళ్ల మీద పెట్టిన కట్టడితోనే. సంస్కృతీకరణతో స్త్రీల స్వేచ్ఛ తగ్గుతుందని శ్రీనివాస్ కూడా గమనించారు, అయితే ఆయన దగ్గర అది ఒక పర్యవసానం. అంబేద్కర్ దగ్గర అదే పునాది. ఈ పునాది తెలియని విద్యార్థికి సంస్కృతీకరణ అంటే అలవాట్లు మార్చుకోవడంలాగే కనిపిస్తుంది.

కృష్ణాతీరం:
అంతర్వివాహం పాఠంలో 1916 పత్రం తప్పనిసరి, అందులో వాదన లేదు. కులం స్థానం మారే చలనశీలత దగ్గర మాత్రం శ్రీనివాసే ముందు. మన దగ్గర విశ్వబ్రాహ్మణులు జంధ్యం వేసుకుంటారు, అయినా మిగతా కులాలన్నీ వాళ్లను బ్రాహ్మణులతో సమానంగా చూడలేదు. అనుకరించినా స్థానం ఎందుకు దక్కలేదన్న ప్రశ్నకు భూమి, జనబలం, అధికారం చూడాల్సిందే. దానికి దారి చూపేది ఆధిపత్య కులం భావనే.