జపాన్ పీఆర్ రాలేదు: పన్ను లేటు వల్లా, డిపెండెంట్ల వల్లా?

ప్రొద్దుటూరు పెద్దోడు: మా తమ్ముడు యోకోహామాలో సాఫ్ట్‌వేర్. పదేళ్లు దాటింది. జీతంలో ట్యాక్స్ ఠంచనుగా కట్ అవుతుంది. అయినా పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ, అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) రిజెక్ట్ చేశారు. కంపెనీ మారినప్పుడు రెసిడెంట్ ట్యాక్స్ ఒక వాయిదా కొన్ని రోజులు లేటైంది, అంతే. పన్ను తగ్గడానికి అమ్మానాన్నల్ని డిపెండెంట్లుగా, అంటే తను పోషించేవాళ్లుగా చూపించినందుకని కొందరంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

టోక్యోలో సీమోడు: లేటే అన్నా. ఇక్కడ పన్నులు రెండు. ఇన్‌కమ్ ట్యాక్స్ కేంద్రానిది, కంపెనీయే పట్టుకుని కడుతుంది. రెసిడెంట్ ట్యాక్స్ మనం ఉండే ఊరిది, కిందటేడు ఆదాయం మీద సుమారు 10 శాతం. మామూలుగా అదీ జీతంలోనే పోతుంది. కంపెనీ మారే సందులో మాత్రం చీటీలు ఇంటికే వస్తాయి. జూన్, ఆగస్టు, అక్టోబరు, జనవరి, మొత్తం నాలుగు వాయిదాలు. మనోళ్లు ఆ జపనీస్ కవరు చూసి పక్కన పడేస్తారు. వర్క్ వీసా మీద అప్లై చేస్తే 5 ఏళ్ల రెసిడెంట్ ట్యాక్స్, 2 ఏళ్ల పెన్షన్, ఆరోగ్య బీమా కాగితాలు అడుగుతారు. కట్టడం ఒక్కటే చాలదు, గడువు లోపల కట్టి ఉండాలి.

బురుజు నీడ: అదేం న్యాయం సామీ? డబ్బు చేరింది కదా! మా కర్నూలులో ఇంటిపన్ను ఏళ్ల తరబడి కట్టనోళ్లను వడ్డీ తగ్గిస్తాం రండి అని పిలుస్తారు.

టోక్యోలో సీమోడు: అప్లై చేసేనాటికి బాకీ లేకపోయినా, గడువు దాటి కట్టి ఉంటే మైనస్సేనని ఇమ్మిగ్రేషన్ వాళ్ల మార్గదర్శకాల్లోనే ఉంది. 2024లో చట్టం కూడా మార్చారు. అది అమల్లోకి వచ్చాక కావాలని పన్ను ఎగ్గొడితే ఇచ్చిన పీఆర్ కూడా వెనక్కి తీసుకోవచ్చు.

బురుజు నీడ: కావాలని ఎగ్గొట్టడం వేరు, నాలుగు రోజులు లేటు వేరు. ముందు దీనికి జవాబు చెప్పు.

గండికోట గాలి: పీఆర్ లేకపోతే ఏమైంది, ఇంటికొచ్చేయమనండి.

శనక్కాయల అనంత: లేటు గురించే ఎందుకు కొట్టుకుంటారు? అసలు మోసం ఆ డిపెండెంట్ల దగ్గరుంది. మా అన్న కూడా అక్కడే ఉన్నాడు. అమ్మానాన్నల్ని నేనే పోషిస్తున్నానని రాసి పన్ను తగ్గించుకుంటాడు. ఇక్కడ షుగరు మందులు, మోకాలి ఆపరేషన్ అన్నీ నా నెత్తిన. ఇట్లాంటోళ్లకు పీఆర్ ఇవ్వకపోవడమే కరెక్ట్.

ప్రొద్దుటూరు పెద్దోడు: మీ అన్న మీద కోపం మా తమ్ముడి మీద తీర్చుకోకండి. వాడు నెలనెలా పంపిస్తాడు.

టోక్యోలో సీమోడు: నిజంగా పోషిస్తుంటే తల్లిదండ్రుల్ని చూపించడంలో తప్పేం లేదు. కానీ 2023 నుంచి, విదేశంలో ఉండే 30 నుంచి 69 ఏళ్లవాళ్లను చూపించాలంటే మామూలుగా ఒక్కొక్కరికి ఏడాదికి 3,80,000 యెన్లు పంపినట్టు కాగితం ఉండాలి. మన డబ్బుల్లో రెండు లక్షలు అనుకోండి. అమ్మకు వేరే, నాన్నకు వేరే. మీ నాన్నగారి వయసెంత?

ప్రొద్దుటూరు పెద్దోడు: అరవై ఆరు. డబ్బు నా అకౌంట్‌కు వస్తుంది. ఇంట్లో చూసుకునేది నేనే కదా.

శనక్కాయల అనంత: ఆ, ఇప్పుడు బయటపడింది! అమ్మానాన్నల పేరు చెప్పి అన్నకు పంపాడు. అది పోషణా, ప్లాట్లు కొనడమా?

ప్రొద్దుటూరు పెద్దోడు: మర్యాదగా మాట్లాడు. ప్లాటు కొన్నది వాడి పేరు మీదే. అమ్మానాన్నలకు మూడు పూటలా వండిపెట్టేది నా భార్య. దానికి ఏ దేశంలో పన్ను తగ్గిస్తారో చెప్పు.

శనక్కాయల అనంత: నేనూ అదే అడుగుతున్నాను కదన్నా. చేసేది మనం, కాగితం మీద పేరు వాళ్లది.

బురుజు నీడ: ఇంతకీ లేటు సంగతి తేల్చలేదు.

టోక్యోలో సీమోడు: ఇక్కడ కూర్చుని తేల్చలేం. రిజెక్ట్ చేసిన లెటర్ తీసుకుని ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు వెళితే కారణం మాటల్లో చెబుతారు. ముందు తమ్ముణ్ణి అక్కడికి పంపండి. డిపెండెంట్ల లెక్క తప్పని తేలితే రిటర్ను సవరించి, మిగుల్చుకున్న పన్ను కట్టేసి, ఆ తర్వాత మళ్లీ అప్లై చేసుకోవడం మేలు.

ప్రొద్దుటూరు పెద్దోడు: ఎంత కట్టాల్సి వస్తుంది?

టోక్యోలో సీమోడు: ఎన్నేళ్లు చూపించాడో, జీతమెంతో తెలియకుండా ఎట్లా చెప్పేది? వచ్చే నెల నుంచి డబ్బు మాత్రం వాళ్లిద్దరి ఖాతాల్లోకి విడివిడిగా వేయమనండి.

ప్రొద్దుటూరు పెద్దోడు: అది మేమిద్దరం మాట్లాడుకుంటాం.