పాలపుంతలో ‘పుంత’ అంటే?

ప్రశ్న: మా అమ్మాయి సైన్సు పాఠం చదువుతూ ‘పాలపుంత’లో పుంత అంటే ఏంటని అడిగింది. గుంపు అనుకోవచ్చా? గెలాక్సీ అంటే నక్షత్రాల గుంపే కదా.

జవాబు: గుంపు కాదండి, దారి. మా గోదావరి డెల్టాలో ఇప్పటికీ బతికున్న మాట. ఊళ్లోంచి చేలల్లోకి బండ్లూ పశువులూ వెళ్లే మట్టిదారి పుంత. సిమెంటు వేశాక కూడా పుంతరోడ్డనే అంటాం. రెవెన్యూ కాగితాల్లో ‘పుంత పోరంబోకు’ అని ఉంటుంది. పశ్చిమ గోదావరిలో ‘పుంతలో ముసలమ్మ’ అని అమ్మవారినే కొలుస్తారు. పేపర్లు రాసే ‘కొత్త పుంతలు తొక్కింది’లో ఉన్నదీ ఈ పుంతే.

నాకు ఈ మాట ఇంకో కారణానికి ఇష్టం. వానాకాలం పుంతలో చక్రాల గాడి చూస్తే బండి ఎటునుంచి వచ్చిందో తెలిసిపోతుంది. మన గెలాక్సీ చరిత్రనూ అలాగే చదువుతున్నారు. 1994లో ధనుస్సు రాశి వైపు ఒక చిన్న గెలాక్సీ బయటపడింది. పాలపుంత ఆకర్షణకి అది చీలికలవుతోంది. ఊడిన నక్షత్రాలు ఎటు పడితే అటు పోలేదు, అది తిరిగిన దారివెంటే బారులు తీరి మన గెలాక్సీని చుట్టేశాయి.

మరీ పాత కలయికలకి ఇంత స్పష్టమైన బారు మిగలదు. అప్పుడు నక్షత్రాల నడక, వాటిలోని మూలకాలే ఆధారం. 2013లో పంపిన గయా వ్యోమనౌక కోట్లాది నక్షత్రాల కదలికలు కొలిచింది. సుమారు 1000 కోట్ల ఏళ్ల కిందట ఒక గెలాక్సీ మనదాంట్లో కలిసిపోయిందని ఆ కొలతలతో 2018లో తేల్చారు. దాని నక్షత్రాలు ఇప్పటికీ కోలగా సాగిన కక్ష్యల్లో తిరుగుతున్నాయి. అంతే ఇనుమున్న మన పాత నక్షత్రాలకంటే వాటిలో మెగ్నీషియం తక్కువ. ఎందుకంటే చిన్న గెలాక్సీలో నక్షత్రాలు నిదానంగా పుడతాయి, ఈలోగా ఆలస్యంగా పేలే తారలు ఇనుము కలిపేస్తాయి. పుట్టినచోటి వాయువు గుణం నక్షత్రాన్ని అంత తేలిగ్గా వదలదు. ఇన్ని వందల కోట్ల ఏళ్ల తర్వాత కూడా ఫలానాది బయటినుంచి వచ్చిందని చెప్పగలగడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

మరొకరు: ఆయ్, మా కోనసీమలోనూ పుంతేనండి. మరి వినాయక చవితికి కట్టే పాలవెల్లి?

జవాబు: వెల్లి అంటే ప్రవాహమండి, పాలవెల్లి అంటే పాలసముద్రం. ఇంగ్లీషులో స్టెల్లార్ స్ట్రీమ్ అంటున్న ఆ బారుల్ని మనం ‘చుక్కలవెల్లి’ అంటే బాగుంటుందని నా అభిప్రాయం. సంస్కృతంలో వెతుక్కోవాల్సిన పనిలేదు.