లమార్ జాక్సన్ చేతులు ఎవరు కట్టేస్తున్నారు?

కాకిగూడు:
అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బాల్టిమోర్ రేవెన్స్ ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ ఆటల్లో) ఓడిన ప్రతిసారీ అభిమానుల నోట ఒకే మాట వినిపిస్తుంది: క్వార్టర్‌బ్యాక్ (పాసులు విసిరే ప్రధాన ఆటగాడు) లమార్ జాక్సన్ చేతులను కోచ్‌లే కట్టేస్తున్నారని. గ్రెగ్ రోమన్ అఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా (దాడి ఎత్తుగడలు నడిపే కోచ్‌గా) ఉన్న రోజుల్లో నేనూ అలాగే అనుకున్నాను. 2019లో జాక్సన్ 36 టచ్‌డౌన్ పాసులు (బంతిని అవతలి గీత దాటించి పాయింట్లు తెచ్చేవి) విసిరి, 1,206 యార్డులు పరుగెత్తి ఏకగ్రీవంగా ఎంవీపీ (లీగ్ ఉత్తమ ఆటగాడు) అయినా, తరువాతి మూడేళ్లలో పాసింగ్ ఆట ఆ స్థాయికి మళ్లీ చేరలేదు. 2023లో రోమన్ స్థానంలో టాడ్ మంకెన్ వచ్చాక ప్లే (ముందే గీసుకున్న ఎత్తుగడ) మార్చుకునే స్వేచ్ఛ పెరిగింది, జేయ్ ఫ్లవర్స్ వంటి రిసీవర్ (పాసులు పట్టేవాడు) దొరికాడు, రెండో ఎంవీపీ కూడా వచ్చింది. అయినా ఆ సీజన్‌లోనూ, 2024 సీజన్‌లోనూ జట్టు లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గడప తొక్కలేదు. అతడిని ఇంకా ఎక్కువగా విసరనిస్తే ఫలితం మారుతుందంటారా?

నాలుగోడౌన్:
ఎక్కువ విసరనివ్వడాన్నే స్వేచ్ఛ అనుకోవడం దగ్గరే నా అభ్యంతరం. 2023 సీజన్ ఏఎఫ్‌సీ ఫైనల్ (సూపర్ బౌల్‌కు ముందు ఆట) చూడండి. ఆ ఏడాది లీగ్‌లో అందరికంటే ఎక్కువ యార్డులు పరుగెత్తిన జట్టు మనదే. అయినా సొంత మైదానంలో కాన్సాస్ సిటీ మీద, రెండో సగమంతా పది పాయింట్లకు మించి వెనుకబడకపోయినా, రన్నింగ్ బ్యాక్‌లకు (బంతి పట్టుకుని పరుగెత్తేవారికి) బంతి ఇచ్చింది మొత్తం ఆరుసార్లు. జాక్సన్ 37 పాసులు విసిరాడు. 17–10 తేడాతో ఓడాము. అభిమానులు కోరిన స్వేచ్ఛ ఆరోజు దొరికినట్టే కదా!

ప్రత్యర్థికి పరుగు భయం ఉన్నంతసేపే లైన్‌బ్యాకర్లు (మధ్య వరుస డిఫెండర్లు) ఒక్క క్షణం తటపటాయిస్తారు, సేఫ్టీలు (వెనక వరుస డిఫెండర్లు) ముందుకు వస్తారు, మైదానం మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. జాక్సన్ పాసులు అత్యంత పదునుగా పడేది ఆ ఖాళీలోకే. 2024లో రన్నింగ్ బ్యాక్ డెరిక్ హెన్రీ వచ్చి 1,921 యార్డులు పరుగెత్తిన సీజన్‌లోనే జాక్సన్ 4,172 యార్డులు, 41 టచ్‌డౌన్లు, కేవలం నాలుగు ఇంటర్‌సెప్షన్లతో (ప్రత్యర్థి పట్టేసిన పాసులతో) తన పాసింగ్‌లో శిఖరాన్ని చేరడం యాదృచ్ఛికం కాదు. (2019 సీజన్ ప్లేఆఫ్స్‌లో టెనెస్సీ తరఫున 195 యార్డులు పరుగెత్తి మనల్ని ఇంటికి పంపింది ఈ హెన్రీయే. ఆరోజు జాక్సన్ చేత విసిరించిన పాసులు 59.)

మంచుమైదానం:
నాలుగోడౌన్ గారి విశ్లేషణతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, తప్పంతా కోచ్‌ల మీదకు నెట్టడం జాక్సన్‌కే చిన్నతనం. కాన్సాస్ సిటీతో ఆటలో ముగ్గురు డిఫెండర్లు చుట్టుముట్టిన చోటికి, అదీ ఎండ్ జోన్‌లోకి (టచ్‌డౌన్ వచ్చే చివరి భాగంలోకి), బంతి విసిరింది అతడే. మరుసటి ఏడాది బఫెలోలో ప్లేఆఫ్ ఆటలో ఒక ఇంటర్‌సెప్షన్, ఒక ఫంబుల్ (చేతిలోని బంతి జారవిడవడం) కూడా అతడివే. అయితే అదే ఆట చివర్లో అతడు జట్టును మళ్లీ నిలబెట్టాడు; టచ్‌డౌన్ తరువాత అదనంగా దక్కే రెండు పాయింట్ల పాసును మన మార్క్ ఆండ్రూస్ పట్టి ఉంటే 27–27 అయ్యేది, జారవిడవడంతో 27–25తో ఓడాము. ఆ ప్లేకు ఏ కోఆర్డినేటర్‌ను నిందించగలం?

కాకిగూడు:
రన్నింగ్ బ్యాక్‌లకు ఆరుసార్లే బంతి ఇచ్చిన లెక్క విన్నాక నా ప్రశ్నను కొంత మార్చుకుంటున్నాను. హెన్రీకి బంతి ఇవ్వడం సరే, జాక్సన్ తానే పరుగెత్తే ప్లేలను తగ్గించాలా? 2021లోనూ 2022లోనూ గాయాలతోనే సీజన్ చివరి ఆటలకు దూరమయ్యాడు.

నాలుగోడౌన్:
తగ్గించనక్కర్లేదు. 2021లో క్లీవ్‌లాండ్‌లో చీలమండ గాయం పాసు విసిరిన తరువాత తగిలిన దెబ్బ వల్ల అయింది. 2022లో డెన్వర్ ఆటలో మోకాలి గాయం శాక్ అయినప్పుడు (పాసు విసిరేలోపే పడగొట్టినప్పుడు) అయింది. ముందే గీసుకున్న పరుగు ప్లేలో తనకు ఎదురొచ్చేవాడు అతడికి కనిపిస్తాడు, పక్కకు జారి తప్పించుకోగలడు. పాకెట్‌లో (తన లైన్ కాపలా వెనుక) నిలబడి దూరంగా చూస్తున్నప్పుడు పక్కనుంచి వచ్చేవాడు కనిపించడు. నేనైతే అతడి పరుగు ప్లేలను తీసేయడం కంటే ముందు అఫెన్సివ్ లైన్ (అతడికి కాపలా కాసే ఆటగాళ్లు) మీద డబ్బు పెడతాను.