సమస్యాపూరణం: ‘ఛీత్కరించువాఁడె చెలిమికాఁడు’

ఆటవెలది పద్యానికి నాలుగవ పాదం ‘సమస్య’గా ఇచ్చాము. ఈసడింపు ధ్వనుల తేడా తెలిసేలా మిగిలిన మూడు పాదాలు పూరించగలరు.

మొదటి పూరణ

తప్పు చేయఁబోవఁ దలయూఁచు వాఁడేల
మేలు కోరి మనల మేలుకొలిపి
కటువు మాటతోడఁ గాపాడఁ దలపోసి
ఛీత్కరించువాఁడె చెలిమికాఁడు

*సమీక్ష:* ఆర్యా, మీ పూరణ బాగున్నది. అయితే మాటకు ఎదురు చెప్పవచ్చు, కారణం అడగవచ్చు; ‘ఛీ’ అన్న తరువాత వాదించడానికి ఏమీ మిగలదు కనుకనే అది తిట్టుకంటే లోతుగా తగులుతుంది. ‘కటువు మాటతోడ’ బదులు ‘కటువు రవముతోడ’ (రవము = ధ్వని) అంటే ఆ బలం పద్యానికి వస్తుంది.

రెండవ పూరణ

పదుగురున్న చోటఁ బరువు తీయఁగఁ జూచి
థూ యటంచు నుమిసి దూఱఁ దగునె?
హితుని మాట యెపుడు నేకాంతమున నుండు
ఛీత్కరించువాఁడె చెలిమికాఁడు?

*సమీక్ష:* అమ్మా, సమస్యను ప్రశ్నగా విరిచిన తీరు ప్రశంసనీయం. గణాలు (లఘుగురువుల కూర్పు), యతి (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో పొత్తు) చక్కగా కుదిరాయి. నా అభ్యంతరమల్లా ‘థూ’ మీదనే. ‘ఛ’ అని కురచగా అంటే తరచుగా అది మన మీద మనకే కలిగిన విసుగు. దీర్ఘం తీసి ‘ఛీ’ అంటే ఎదుటివాడు చేసిన పని మీది రోత. ‘థూ’ అనేటప్పుడు మాత్రం నాలుక పళ్లను తాకి గాలి ఉమ్మినట్టే బయటికి వస్తుంది, అందుచేత ‘థూ, నీ బతుకు చెడ’ అన్నవాడు పనిని వదిలి మనిషినే వెలివేస్తున్నాడు. రెండవ పాదంలో థూత్కారం, నాలుగవ పాదంలో ఛీత్కారం ఉంటే ప్రశ్న ఒకదాని మీద, నేరం వేరొకదాని మీద పడుతుంది. ‘ఛీ యటంచు గొంతు చించఁ దగునె’ అని మార్చితే యతి నిలుస్తుంది, అన్వయమూ కుదురుతుంది.

మూడవ పూరణ

పొగడువారి నడుమ బుద్ధి మఱచు వేళ
పెదవి విఱిచి యొకఁడు నడచిపోవు
కలఁతతోడ నిలిచి కన్నెఱ్ఱ గావించి
ఛీత్కరించువాఁడె చెలిమికాఁడు

*సమీక్ష:* రెండవ పాదంలో యతి తప్పింది. ‘నడచిపోవు’ బదులు ‘వెడలిపోవు’ అంటే సరిపోతుంది. భావంలో మాత్రం నాకు అన్నిటికంటె నచ్చిన పూరణ ఇదే. పెదవి విరిచినవాడు మన మీద ఆశ వదులుకొన్నాడనీ, ‘ఛీ’ అన్నవాడికి ఇంకా కోపం తెచ్చుకొనేంత చనువు ఉన్నదనీ ఆ ‘నిలిచి’ అన్న ఒక్క క్రియ చెబుతున్నది. అభినందనలు.