ఆడుకుంటున్న పిల్లాడికి ఎమ్మారై తీయించాలా?

పర్లాకిమిడి అమ్మ:
మా పెద్దాడికి ఏడేళ్లు. నిరుడు బడిలో చెప్పింది చెప్పినట్టు మర్చిపోతుంటే అల్లరనుకున్నాం. తర్వాత చూపు మందగించింది. విశాఖలో ఎమ్మారై తీసి అడ్రినోల్యూకోడిస్ట్రోఫీ అన్నారు, మెదడుని దెబ్బతీసే వంశపారంపర్య జబ్బట. నాలుగేళ్ల చిన్నాడు వీధంతా పరుగులు పెడుతున్నాడు, కానీ రక్తపరీక్షలో వాడికీ ఉందని తేలింది. ఆర్నెల్లకోసారి తల స్కాన్ తీయించాలట. మా అత్తగారు ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

గుణుపురం మేష్టారు:
నేనూ వద్దంటానమ్మా. ఆడుకునే బిడ్డకి మత్తిచ్చి గొట్టంలో పడుకోబెట్టడమా? మెదడులో మచ్చ కనబడితే మాత్రం, జబ్బు ముదరకుండా చేసే మూలకణాల మార్పిడికి లక్షలెక్కణ్ణుంచి తెస్తారు? అయినా మేనరికాలు మానితే గానీ ఇవి పోవు.

బరంపురం నర్సు:
మేష్టారూ, మేనరికం మాట తీసెయ్యండి. ఈ లోపం ఎక్స్ క్రోమోజోము మీది ఏబీసీడీ1 జన్యువుది. ఈ లోపాన్ని మోసే తల్లికి పుట్టిన ఒక్కో కొడుక్కీ సగం అవకాశం, తండ్రి ఏ ఇంటివాడైనా సరే. ఆ తల్లి ఇప్పటికే ఎన్ని మాటలు పడి ఉంటుందో!

ఈ లోపమున్న మగపిల్లల్లో చిన్నతనంలోనే మెదడు దెబ్బతినేది మూడోవంతుకు కాస్త పైగా. ఎవరికన్నది రక్తం చెప్పదు, జన్యువూ చెప్పదు. ఒకే ఇంటి అన్నదమ్ములకే వేరువేరుగా నడుస్తుంది. మెదడులో తెల్లపదార్థం పాడవడం నడకలో, చూపులో బయటపడకముందే ఎమ్మారైలో కనబడుతుంది. మార్పిడి పనిచేసేది ఆ అదనులోనే. ఎమ్మారైలో మెదడు ఎంత పాడైందో చెప్పే లోస్ స్కోరని 34 పాయింట్ల లెక్కుంది, 9 దాటితే ఫలితం బాగా తగ్గుతుంది. అందుకే మూడు నుంచి పన్నెండేళ్ల దాకా ఆర్నెల్లకోసారి చూడమంటారు. సీటీలా రేడియేషన్ ఉండదు.

మత్తు విషయంలో మాత్రం మీ భయం నిజమే. ఈ పిల్లల్లో చాలామందికి ఒంటికి కావలసిన స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి కూడా బలహీనం. మత్తు డాక్టరుకి అది ముందే చెప్పాలి, అవసరమైతే స్టెరాయిడ్ డోసు ఇస్తారు.

గుణుపురం మేష్టారు:
మేనరికం మాట తప్పే, మన్నించమ్మా. డబ్బు మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఆర్నెల్లకోసారి విశాఖంటే కూలి పోవడం, దారి ఖర్చులు, రాత్రి బస. అవి ఎవరిస్తారు?

బరంపురం నర్సు:
దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఖర్చు చూసి స్కాన్ మానేస్తే, సాయం దొరికిన రోజుకి అదను దాటిపోయి ఉండొచ్చు.

పర్లాకిమిడి అమ్మ:
పెద్దాడి ఫిల్ము చూసి మార్పిడికి వేళ దాటిందన్నారు. ఆ మాట చిన్నాడి గురించి వినలేను. సోమవారం పాతపట్నం మీదుగా బయల్దేరుతున్నాం. అత్తగారు కూడా వస్తానన్నారు. నర్సమ్మగారూ, వాడికి ఆకలాగదు. మత్తుకి ముందు పాలు ఎప్పటిదాకా పట్టొచ్చు?