అప్‌డేట్: ఆయిల్ మూత కింద జిగురు సంగతి తేలింది

మా పాత పెట్రోల్ కారులో ఆయిల్ పోసే మూత తిప్పితే లోపల టీ మీద మీగడలాంటి జిగురు కనిపిస్తోంది, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్ కింద ఉండి, ఇంజిన్‌ను చల్లబరిచే కూలంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే సీలు) పోయిందా అని అడిగాను కదా. పోలేదు.

నెల్లూరులో మొదట చూపించిన మెకానిక్ మూత చూడగానే హెడ్ దించాల్సిందే అన్నాడు. మీలో కొందరు చెప్పినట్టు ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) చూశాను. ఆయిల్ నల్లగానే ఉంది, మట్టం పెరగలేదు. ఒక చుక్క వేడి పెనం మీద వేస్తే చిటపటలాడలేదు, అంటే అందులో నీళ్లు కలవలేదన్నమాట. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలంట్ డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టాను. వారం దాటినా మట్టం ఆ గీత దగ్గరే ఉంది.

తర్వాత వేదాయపాళెం వైపు ఇంకో పెద్దాయనకు చూపించాను. రేడియేటర్‌కి ప్రెషర్ టెస్ట్ పెట్టాడు, మీటరు ముల్లు దిగలేదు, అంటే లీకు లేదు. డాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు చూసి "ఇది ఎప్పుడూ ఇంతేనా అబ్బయ్యా?" అన్నాడు. నిజమే, సగం కూడా ఎక్కదు. థర్మోస్టాట్ (ఇంజిన్ కాగేదాకా కూలంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు) ఉండాల్సిన చోట విప్పితే లోపల ఖాళీ! బండి వేడెక్కుతోందని ఎవరో ఎప్పుడో పీకి పారేశారు. (మన ఎండలకు కొందరు చేసే వైద్యం ఇదే.)

ఇంజిన్ సరిగ్గా కాగకపోతే లోపల పట్టిన తేమ ఆవిరై పోదట. పైగా వానాకాలమంతా పిల్లల్ని స్కూల్లో దింపి రావడానికి తప్ప కారు తీయలేదు. పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిర్లను బయటికి లాగేది) కూడా అదే జిగురుతో పూడుకుపోయి ఉంది.

కొత్త థర్మోస్టాట్ వేయించి, గొట్టం కడిగించి, ఆయిల్, ఫిల్టర్ మార్పించాను. ఒంగోలు దాకా హైవే మీద వెళ్లొచ్చాక చూస్తే మూత శుభ్రంగా ఉంది. కూలంట్ గీత మాత్రం ఇంకా చూస్తూనే ఉన్నా. మట్టం దిగితే మళ్లీ మిమ్మల్నే అడుగుతా.