నవంబర్ సాయంత్రం: టి.పి. రాజలక్ష్మి కార్యక్రమానికి ఎవరు ఏ పని చేస్తున్నారు?

సాంస్కృతిక విభాగం:
అందరికీ నమస్కారం. తమిళ తొలి మాటల సినిమా నాయిక టి.పి. రాజలక్ష్మి మీద తమిళ సంఘం వాళ్ళతో కలిసి చేస్తున్న కార్యక్రమానికి హాలు దొరికింది. నవంబర్ రెండో శనివారం, సాయంత్రం 5 నుంచి 8:30 వరకు. తాళాలు 3 గంటలకి ఇస్తారు, అంటే సర్దుకోవడానికి రెండు గంటలే. నిరుడు ఒక హాలువాళ్ళు మన సమయాన్ని ఇంకెవరి పుట్టినరోజుకో ఇచ్చేశారు కదా, ఈసారి కాగితం మీద రాయించుకున్నాను.

"మెల్‌బోర్న్‌లో తెలుగువాళ్ళం, మనకి తమిళ నటి ఎందుకండీ?" అని ఇప్పటికి నలుగురు విడివిడిగా ఫోన్ చేసి అడిగారు. అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తాను. కొంచెం పొడుగవుతుంది.

1931 అక్టోబర్ 31న మద్రాసు కినిమా సెంట్రల్ థియేటర్లో 'కాళిదాస్' విడుదలైంది. తమిళులు తమ తొలి టాకీగా, అంటే మాటలున్న సినిమాగా, లెక్కపెట్టుకునేది ఇదే. తీసింది బొంబాయిలో, ఇంపీరియల్ కంపెనీ స్టూడియోలో. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. రాజకుమారి వేషం రాజలక్ష్మిది, ఆవిడ తమిళంలో మాట్లాడారు. కాళిదాసు వేసిన పి.జి. వెంకటేశన్‌కి తమిళం అంతంతమాత్రం, అందుకని ఆయన తెలుగులోనే కానిచ్చేశారు. పూజారి వేషంలో ఎల్.వి. ప్రసాద్, మన ఏలూరు దగ్గర సోమవరప్పాడు ఆయన, హిందీలో మాట్లాడారు. ఒకే కథలో ఎవరి భాష వారిది! ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, అప్పటి మద్రాసు మన రెండు భాషలవాళ్ళకీ రాజధాని. హాల్లో కూర్చున్నవాళ్ళలో తమిళులూ ఉన్నారు, తెలుగువాళ్ళూ ఉన్నారు.

పైగా అందులో రాజలక్ష్మి త్యాగరాజ కీర్తనలు పాడారు. ఆవిడ పుట్టిందే తిరువయ్యారులో, త్యాగయ్య సమాధి ఉన్న ఊళ్ళో. ఆవిడ పుట్టినరోజు నవంబర్ 11. మన తేదీకి దగ్గరగా ఉందని ఆ వారం పట్టుకున్నాను. ఇంతకంటే ఏం సంబంధం కావాలి?

ప్రచార విభాగం:
బాగుంది అక్కా. పోస్టర్ మీద "తొలి తెలుగు టాకీ నాయిక" అని వేసేద్దామా? జనం వస్తారు.

సాంస్కృతిక విభాగం:
వద్దు తమ్ముడూ. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. అందులో లీలావతి వేషం సురభి కమలాబాయిది. ఒకరి కిరీటం తీసి ఇంకొకరికి పెట్టడానికి కాదు మనం ఈ కార్యక్రమం చేస్తున్నది. "తిరువయ్యారు అమ్మాయి, త్యాగయ్య పాట" అని వెయ్యి. తమిళం వాళ్ళకీ నచ్చుతుంది.

ఒక పెద్దాయన:
అమ్మా, మా చిన్నప్పటి నుంచీ భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబర్ 15న వచ్చిందనే చదువుకున్నాం. ఆ లెక్కన మనదే ముందు కదా? వేదిక మీద ఈ మాట చెప్పకపోతే ఎలా?

సాంస్కృతిక విభాగం:
బాబాయ్ గారూ, నేనూ అదే అనుకునేదాన్ని. సినిమా పరిశోధకులు రెంటాల జయదేవ గారు పాత పత్రికలూ సెన్సారు వివరాలూ తవ్వి తీసి ఆ లెక్క సరిచేశారు. ప్రహ్లాదకి సెన్సారు అయింది 1932 జనవరి 22న, విడుదలైంది ఫిబ్రవరి 6న బొంబాయిలో. అంటే కాళిదాసే ముందు. ఆ లెక్కన పూర్తి నిడివి టాకీలో తెలుగు మాట మొదట వినిపించింది తమిళులు తమదిగా చెప్పుకునే సినిమాలో. నాకైతే "మనదే ముందు" అన్నదానికంటే ఇదే బాగుంది. మీరు అనుమతిస్తే ఈ ముక్క వేదిక మీద మీచేతే చెప్పిస్తాను.

పెద్దాయన:
సరే. రెండు నిమిషాలు ఇవ్వు. ఐదు తీసుకుంటాను.

వ్యాఖ్యానం చేసే అమ్మాయి:
అక్కా, ఆవిడ జీవితం గురించి నాకు ఏం చెప్పాలో రాసివ్వరా? వికీ చదివి చెప్తే అందరూ ఫోన్లు చూసుకుంటారు.

సాంస్కృతిక విభాగం:
మూడు ఘట్టాలు చాలు. ఒకటి, బాల్యం. చిన్నప్పుడే పెళ్ళి చేశారు, ఆ కాపురం నిలవలేదు. తండ్రి పోయాక తల్లితో తిరుచ్చి వచ్చి, పొట్ట గడవడానికి నాటక కంపెనీలో చేరింది. నాటకాల్లో ఆడపిల్ల అంటే అప్పట్లో ఊరు ఏమనేదో మన అమ్మమ్మలని అడిగితే తెలుస్తుంది, నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ ఏడుపు సంగీతం పెట్టకు. గొంతు పోగొట్టుకోకుండా వేలమంది ముందు మైకు లేకుండా పాడటం ఆవిడ అక్కడే నేర్చుకుంది, అది చెప్పు.

రెండు, కాళిదాస్. దీని మీద నాటిక ఉంది కాబట్టి నువ్వు ఎక్కువ చెప్పకు. గాంధీగారి రాట్నం మీద పాట కూడా అందులో ఉందని మాత్రం మర్చిపోకు. కాళిదాసు కాలానికీ రాట్నానికీ ఏం సంబంధం అని ఎవరైనా అడిగితే, 1931లో జనం ఏం వినాలనుకున్నారో అదే పెట్టారని చెప్పు. ఆ పాట సాహిత్యం తమిళ సంఘం పెద్దావిడ చదువుతారు.

మూడోదానికి ఎక్కువ సమయం తీసుకో. 'వళ్ళి తిరుమణం' 1933లో పెద్ద హిట్టయింది, 'సినిమా రాణి' అన్నారు ఆవిణ్ణి. ఇంకొకరైతే అక్కడితో హాయిగా ఉండేవారు. ఆవిడ తను రాసిన నవలనే తీసుకుని, సొంతంగా శ్రీ రాజం టాకీస్ పెట్టి, 1936లో 'మిస్ కమల' తీసింది. కథ ఆవిడది, దర్శకత్వం ఆవిడది, నాయిక కూడా ఆవిడే. దక్షిణాదిలో తొలి మహిళా దర్శకురాలు. అప్పటికి వయసు పాతికేళ్ళు! 1964లో పోయారు.

కోశాధికారి:
సినిమా ప్రింటు అద్దెకి ఎంతవుతుందో ఎవరూ చెప్పలేదు. బడ్జెట్ షీటులో ఆ గడి ఖాళీగా ఉంది.

సాంస్కృతిక విభాగం:
సున్నా వెయ్యండి. కాళిదాస్ ప్రింటు ఎక్కడా మిగల్లేదు. అందుకే నాటిక.

కోశాధికారి:
ఈ సినిమా ఎనిమిది వేల రూపాయలతో తీస్తే 75 వేలు వచ్చాయట కదా. మన టికెట్లకీ అంత వస్తే నేను ఆజన్మాంతం కోశాధికారిగా ఉంటాను.

నాటిక బాధ్యుడు:
షూటింగ్ సీను ఇలా అనుకున్నాం. అప్పట్లో ప్లేబ్యాక్ లేదు. కెమెరా తిరుగుతుంటే నటి అక్కడికక్కడే పాడాలి, వాయిద్యాలవాళ్ళు ఫ్రేములో పడకుండా పక్కనెక్కడో నక్కి వాయించాలి. అందుకని మన వయొలిన్, మృదంగం వాళ్ళని అట్టచెట్టు వెనక కూర్చోబెడతాం. రాజలక్ష్మి పాత్రకి తమిళ సంఘం అమ్మాయి. 'స్వరరాగ సుధారస' పాడుతుంది, శంకరాభరణం. నిన్న ఫోన్లో విన్నాను. తెలుగు ఉచ్చారణ మన పిల్లలకంటే శుభ్రంగా ఉంది, ఏం చేస్తాం. కాళిదాసుకి మాత్రం తెలుగు డైలాగు బాగా చెప్పగలిగే అబ్బాయి కావాలి. "నేను వచ్చాను" ని "నేను వచ్చేను"కీ "ఐ కేమ్"కీ మధ్యలో పలికేవాళ్ళు వద్దు.

ఒక వాలంటీరు:
మా వాడు చేస్తాడు అన్నయ్యా. గుంటూరులో ఆరో తరగతి దాకా చదివాడు.

నాటిక బాధ్యుడు:
ఖాయం. ఇంకోటి. బొంబాయి నుంచి రీలు డబ్బాలు మద్రాసు సెంట్రల్ స్టేషన్‌కి వస్తే, అక్కడి నుంచి థియేటర్ దాకా వాల్‌టాక్స్ రోడ్డు మీద జనం ఊరేగింపుగా తీసుకెళ్ళారు. పూలు చల్లి, కొబ్బరికాయలు కొట్టి, హారతులు పట్టారు. కార్ పార్కు నుంచి హాలు దాకా పిల్లలచేత అదే చేయిద్దాం. నాటిక అక్కడే మొదలవుతుంది, జనాన్ని మెల్లగా లోపలికి తోలుకొచ్చేయొచ్చు.

హాలు బాధ్యురాలు:
ఊరేగింపు ఓకే. కర్పూరం మాత్రం నా ప్రాణం పోయినా ఒప్పుకోను. మొన్న దీపావళికి పొగ అలారం మోగి ఫైరింజను వచ్చింది, దాని బిల్లు మనమే కట్టాం. బ్యాటరీ దీపాలు నేను తెస్తాను. కొబ్బరికాయలు బయట, టార్పాలిన్ వేసి కొట్టండి, ముక్కలన్నీ ఏరండి.

వంటల విభాగం:
ఆ కొబ్బరి నాకివ్వండి, చట్నీకి పనికొస్తుంది. మెనూ: పులిహోర మనది, పొంగల్, వడ వాళ్ళది. వాళ్ళు పుళియోదరై తెస్తామన్నారు, రెండూ ఒకటే కదా అంటే అటువాళ్ళూ ఇటువాళ్ళూ కూడా నా మీద పడ్డారు. రెండూ ఉంటాయి, వేరు వేరు బల్లల మీద. 180 మందికి లెక్క వేశాను. డబ్బాలు ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళాలి.

పెద్దాయన:
నా ఐదు నిమిషాలు భోజనాలకి ముందా, వెనకా?

సాంస్కృతిక విభాగం:
ముందే బాబాయ్ గారూ. వెనక పెడితే వినడానికి ఎవరూ ఉండరు.

మిగిలినవి: ట్రాఫిక్ వాలంటీర్లు నలుగురు, పిల్లలకి పంచెలు కట్టేవాళ్ళు ఇద్దరు, సౌండ్‌కి ఒకరు. చేస్తామనేవాళ్ళు ఇక్కడే కింద రాయండి, విడిగా మెసేజ్ పెడితే నేను మర్చిపోతాను.

నాటిక బాధ్యుడు:
రీలు డబ్బాలు పది కావాలి. గుండ్రటి బటర్ బిస్కెట్ల డబ్బాలు సరిగ్గా సరిపోతాయి. మీ అందరి ఇళ్ళలోనూ ఉంటాయని తెలుసు. సూదీదారాలు ఖాళీ చేసి తీసుకురండి.